పన్నెండు సార్లు కెవిన్

ఆనందబాబుకి నటన రాదు. రాజోలు దగ్గర వాళ్ళ ఊరి చర్చిలో క్రిస్మస్ నాటకం వేస్తే, ఏడేళ్ళపాటు వరసగా అతనికి ఒకటే వేషం ఇచ్చారు. సత్రం యజమాని. మరియ, యోసేపు వచ్చి తలుపు కొట్టగానే గుమ్మంలో నిలబడి "స్థలం లేదు" అనాలి, అంతే. గుమ్మం మొత్తం అతనితోనే నిండిపోయేది కాబట్టి ఆ ముక్క అనకపోయినా జనానికి అర్థమయ్యేది.

అలాంటివాడు ఆస్ట్రేలియాలోని డార్విన్‌కి వచ్చి ఐటీలో మాస్టర్స్ చదువుకుంటూ ఉండగా, ఫిబ్రవరి నెలలో ఒక సాయంత్రం, రూమ్మేట్ శామ్ తడిసిన గొడుగుతో లోపలికి వచ్చి, "ఒరే, రేపు నువ్వు కెవిన్ అవ్వాలి" అన్నాడు.

"ఎవడాడు?"

"యాభై రెండేళ్ళు. రోడ్ ట్రెయిన్ డ్రైవరు. మూడు ట్రెయిలర్లు తగిలించిన లారీ ఉంటది చూడు, అది తోల్తాడు. కేథరిన్ అనే ఊళ్ళో ఇల్లు. ఇద్దరు పిల్లలు. భార్య పేరు షారన్."

"నాకింకా పెళ్ళే కాలేదు కదరా!"

శామ్ నర్సింగ్ చదువుతూ, తీరిక వేళల్లో మెడికల్ స్కూల్లో పరీక్షలకి మంచాలూ కుర్చీలూ సర్దే పని చేస్తున్నాడు. అక్కడ డాక్టరు చదువుకునే పిల్లలకి ఒక తమాషా పరీక్ష ఉంటుంది. మామూలు మనుషుల్ని పేషెంట్లుగా కూర్చోబెడతారు. వాళ్ళు కాగితంలో ఉన్న రోగం నటిస్తారు. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి ఎనిమిది నిమిషాలు మాట్లాడి వెళ్ళాలి. ప్రతి ఏడూ కెవిన్ వేషం వేసే క్రిస్ అనే ఆయన ఈసారి నది పొంగి రోడ్డు మూసేస్తే అవతలి ఒడ్డునే చిక్కుకుపోయాడు.

"మాక్ పరీక్షే రా, మార్కులు లెక్కలోకి రావు. పన్నెండు మంది పిల్లలు, అంతే" అన్నాడు శామ్.

"మరి నన్నే ఎందుకు?"

శామ్ పైన తిరుగుతున్న ఫ్యాను వైపు చూశాడు. "నీకు యాక్సెంట్ బాగుంటది."

"రాజోలు యాక్సెంటా? నిజం చెప్పరా."

"కెవిన్ బరువు నూట ముప్ఫై కిలోలు. కడుపు మీద దిండు కట్టుకోకుండా ఆ వేషానికి సరిపోయేవాడు నాకు నువ్వొక్కడివే తెలుసు."

"నాది నూట ఇరవై ఎనిమిదే" అన్నాడు ఆనందబాబు, పౌరుషంగా.

కానీ ఒప్పుకున్నాడు. స్నేహితుడి మాట కాదనలేకపోవడం ఒక కారణం. మధ్యాహ్నం భోజనం వాళ్ళే పెడతారని చెప్పడం రెండోది.

ఈ బరువు సంగతి అతనికి కొత్తది కాదు. ఐదో తరగతిలోనే పిల్లలు 'బొండాం' అని పిలిచేవారు. పదహారో ఏట తేనె, నిమ్మరసం తాగాడు. పంతొమ్మిదో ఏట నెలన్నర రోజులు ఉడకబెట్టిన గుడ్లు తప్ప ఇంకేమీ ముట్టలేదు. ఆ తర్వాత కొన్నాళ్ళపాటు కోడి కనబడితే తల తిప్పుకునేవాడు. బీటెక్ ఆఖరి సంవత్సరంలో మాత్రం పట్టుబట్టి, పొద్దున్నే గోదావరి గట్టున పరుగెత్తి, పద్ధెనిమిది కిలోలు తగ్గాడు. ఊరంతా మెచ్చుకుంది. ఏడాది తిరిగేసరికి ఆ పద్ధెనిమిదీ, ఇంకో నాలుగింటిని తోడు తీసుకుని, పండక్కి వచ్చిన చుట్టాల్లా తిరిగొచ్చి దిగాయి. అప్పుడు అదే ఊరు "నోరు కట్టుకోలేకపోయాడు" అంది. ఆనందబాబు కూడా అదే నిజమని నమ్మాడు.

మర్నాడు మెడికల్ స్కూల్లో అతనికొక చెక్స్ చొక్కా, డ్రైవర్లు పెట్టుకునే టోపీ ఇచ్చి ఒక గదిలో కూర్చోబెట్టారు. కాగితంలో రాసి ఉన్నదాని ప్రకారం, కెవిన్ కుడి మోకాలు నొప్పని డాక్టరు దగ్గరికి వస్తాడు. బరువు గురించి తనంతట తాను ఎత్తడు. ఆ మాట డాక్టరే మర్యాదగా, ముందు అనుమతి అడిగి, ఎత్తాలి. ఊబకాయం అనేది బీపీ, షుగర్ లాంటి దీర్ఘవ్యాధి అని, అది అతని తప్పు కాదని అర్థమయ్యేలా చెప్పాలి.

గది మూలలో మార్కులు వేసే డాక్టరమ్మ కూర్చుంది. అరవై దగ్గర పడ్డ మనిషి, నెరిసిన జుట్టు, కాటన్ చీర మీద తెల్ల కోటు. మెళ్ళో కార్డు తిరగబడి ఉండడంతో పేరు కనబడలేదు. శ్రీలంక ఆవిడేమో అనుకున్నాడు. ఆవిడ ముఖం చూస్తే, ఆ ముఖానికి నవ్వు అనే సదుపాయం ఇవ్వడం దేవుడు మరిచిపోయాడేమో అనిపించింది.

గంట మోగింది. మొదటి కుర్రాడు వచ్చాడు. పొడుగ్గా, ఎర్ర జుట్టుతో ఉన్నాడు.

"జీడే మైట్!" అని అక్కడివాళ్ళలా పలకరించాడు ఆనందబాబు, గది దద్దరిల్లేలా.

కుర్రాడు ఒక అడుగు వెనక్కి వేసి, సర్దుకుని, మోకాలి గురించి నాలుగు ప్రశ్నలు అడిగాడు. తర్వాత గొంతు సవరించుకుని, "మీకు అభ్యంతరం లేకపోతే, మీ బరువు గురించి కాసేపు మాట్లాడొచ్చా?" అన్నాడు.

ఆనందబాబు ఉలిక్కిపడ్డాడు. ఇరవై నాలుగేళ్ళ జీవితంలో ఈ సంగతి మాట్లాడటానికి అతని అనుమతి అడిగిన మనిషి లేడు. బస్ కండక్టర్లు మాట్లాడారు. బట్టల కొట్లో కుర్రాళ్ళు మాట్లాడారు. ఒకసారి రైల్లో ఎదురు సీటాయన నరసాపురం నుంచి నిడదవోలు దాకా మాట్లాడాడు. వద్దంటే ఏమవుతుందో చూద్దామని అతనికి భలే కోరిక పుట్టింది.

"వద్దు" అన్నాడు.

కుర్రాడు నిజంగానే ఆగిపోయాడు! నోట్లో పచ్చి వెలక్కాయ పడ్డట్టు చూశాడు. అతను నేర్చుకున్న పాఠంలో ఆ తర్వాతి వాక్యం లేదు. మిగిలిన ఐదు నిమిషాలూ ఇద్దరూ మోకాలి గురించీ, వాన గురించీ, మళ్ళీ మోకాలి గురించీ ఎంతో మర్యాదగా మాట్లాడుకున్నారు. ఆనందబాబుకి ప్రాణం లేచొచ్చింది. అయితే కుర్రాడు బయటికి వెళ్ళేటప్పుడు ఏడుపు మొహం పెట్టడంతో, ఇకపై ఒప్పుకోవాలని తీర్మానించుకున్నాడు.

రెండోవాడు అనుమతీ గినుమతీ పెట్టుకోలేదు. కూర్చుంటూనే, "మీరు తిండి తగ్గించి, కాస్త ఎక్కువ కదలాలి" అన్నాడు.

ఆనందబాబులోని కెవిన్‌కి ఒళ్ళు మండింది. "మైట్, నేను వారానికి మూడు వేల కిలోమీటర్లు కదుల్తాను!"

మూలలో డాక్టరమ్మ కలం ఒక్క క్షణం ఆగి, మళ్ళీ కదిలింది.

మూడో అమ్మాయి సన్నగా, కళ్ళజోడుతో, నెమ్మదిగా మాట్లాడింది. అనుమతి అడిగింది. ఇచ్చాడు. ఆమె గోడ మీది ఏసీని చూపించింది. "అది ఇరవై నాలుగు మీద పెట్టి ఉంది కదా. ఇప్పుడు నేను కిటికీ తెరిచాననుకోండి, వేడి లోపలికొస్తుంది. అప్పుడేం చేస్తుంది? ఇంకా గట్టిగా పనిచేసి మళ్ళీ ఇరవై నాలుగుకే తెస్తుంది. మన మెదడు కూడా బరువుని అలాగే కాపలా కాస్తుంది. మనం తగ్గితే కరువొచ్చిందనుకుంటుంది. ఆకలి పుట్టించే హార్మోన్లని పెంచుతుంది, కడుపు నిండిందని చెప్పేవాటిని తగ్గిస్తుంది, ఒంట్లో శక్తి ఖర్చు కాకుండా దాస్తుంది. అందుకే చాలామందికి తగ్గిన బరువు తిరిగొస్తుంది. అది మనసు గట్టిగా లేకపోవడం కాదు, కెవిన్. అదొక జబ్బు. ఏళ్ళ తరబడి చూసుకోవాల్సిన జబ్బు."

ఆనందబాబు నోరు తెరుచుకుని విన్నాడు. తను కెవిన్ అన్న సంగతి పూర్తిగా మర్చిపోయాడు.

"అయితే నా పద్ధెనిమిది కిలోలూ అలాగే తిరిగొచ్చాయా?"

ఆ అమ్మాయి తన కాగితాలు తిరగేసింది. "ఏ పద్ధెనిమిది కిలోలు?"

"బీటెక్ ఫైనలియర్‌లో తగ్గినవి."

"మీరు ట్రక్ డ్రైవర్ అని ఉందే?"

అడకత్తెరలో పోకచెక్క అయిపోయాడు ఆనందబాబు. "అయ్యబాబోయ్" అని తెలుగులో గొణుక్కుని, ఇంగ్లీషులో, "ట్రక్ డ్రైవింగ్‌లోనే బీటెక్ చేశాను" అన్నాడు.

మూలలో డాక్టరమ్మకి గట్టిగా దగ్గొచ్చింది. మంచినీళ్ళు తాగింది.

నాలుగోవాడు పొద్దున టిఫిన్ ఏం తింటారని అడిగాడు. కాగితంలో మాంసం కూరిన 'మీట్ పై', ఐస్డ్ కాఫీ అని రాసి ఉంది. ఆనందబాబుకి అది గుర్తురాక, నోటికొచ్చిన నిజం చెప్పేశాడు. "పెసరట్టు. లోపల ఉప్మా."

"అంటే ఏమిటి?"

కేథరిన్ వాస్తవ్యుడైన ట్రక్ డ్రైవర్ కెవిన్, పెసలు ఎంతసేపు నానబెట్టాలో, అల్లం ఎప్పుడు వెయ్యాలో, పెనం మీద నూనె ఎలా తిప్పాలో వివరించడానికి నాలుగు నిమిషాలు తీసుకున్నాడు. కుర్రాడు శ్రద్ధగా రాసుకున్నాడు. షారన్ బాగా చేస్తుందా అని కూడా అడిగాడు. "షారన్‌కి ఉప్మా ఉండ కట్టేస్తుంది" అన్నాడు ఆనందబాబు బాధగా.

అలా ఒకరి తర్వాత ఒకరు వచ్చారు. ఒకడు ఏసీకి బదులు నీళ్ళ ట్యాంకు అన్నాడు, ఇంకొకామె కాపలా కుక్క అంది. ఎవరు ఏ పోలిక చెప్పినా లోపలి సంగతి ఒక్కటే. వంశం నుంచి వచ్చేది కొంత, నిద్ర, ఒత్తిడి, మందులు, చుట్టూ దొరికే తిండి ఇంకొంత. చికిత్స అంటే ఒక్క డైటింగే కాదు. తిండి మార్పు, నడక, నిద్ర, అవసరమైతే మందులు, కొందరికి ఆపరేషన్. ఏది చేసినా ఆపేస్తే జబ్బు తిరిగొస్తుంది కాబట్టి ఆపకుండా చూసుకోవాలి. మధ్యాహ్నం భోజనం అయ్యేసరికి ఆ పాఠం ఆనందబాబుకి వాక్యం తప్పకుండా వచ్చేసింది. తొమ్మిదో అమ్మాయి కంగారులో మాట మర్చిపోయి బిక్కమొహం వేస్తే, జాలి కలిగి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "హార్మోన్లు... హార్మోన్లు..." అని అందించాడు.

"పేషెంటు జవాబులు చెప్పకూడదు" అంది మూల నుంచి డాక్టరమ్మ, ఇంగ్లీషులో, పొడిగా.

చివరికి పన్నెండో గంట మోగింది. తలుపు తోసుకుని లోపలికి వచ్చిన అమ్మాయిని చూడగానే ఆనందబాబు టోపీ కళ్ళ మీదికి లాక్కున్నాడు.

జెన్సీ. వాళ్ళ తెలుగు చర్చిలో పాటలకి కీబోర్డు వాయించే జెన్సీ. సువార్తమ్మ ఆంటీ కూతురు. డార్విన్‌లోనే పుట్టి పెరిగిన పిల్ల, తెలుగు బాగానే అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే ఇస్తుంది. ఆదివారం ఆరాధన అయ్యాక వరసలో నిలబడి ఆనందబాబు ప్లేటులో బిర్యానీ వడ్డించేది ఆ చెయ్యే.

జెన్సీ కళ్ళు టోపీ మీద నుంచి చొక్కా మీదికీ, చొక్కా మీద నుంచి మళ్ళీ టోపీ మీదికీ వెళ్ళాయి.

"గుడ్ ఆఫ్టర్నూన్..." అని మింగుడు పడక ఆగింది. "...కెవిన్."

"జీడే" అన్నాడు ఆనందబాబు. ఆ పలకరింపులో పొద్దున్నటి దమ్ము లేదు.

పాపం పిల్ల బాగానే చేసింది. మోకాలు చూసింది, అనుమతి అడిగింది, మెదడు కాసే కాపలా గురించి చెప్పింది. ఆ తర్వాత మిగతా పదకొండు మందీ అడగని ఒక ప్రశ్న అడిగింది. "కెవిన్, మీ బరువు గురించి ఎవరైనా ఇచ్చిన సలహా మీకు ఇబ్బంది కలిగించిందా?"

ఆనందబాబు కాగితంలో దీనికి జవాబు లేదు. పొద్దుటి నుంచి ఒక్కడు తప్ప అందరూ మర్యాదగా మాట్లాడటంతో అతనిలో ఏదో గడియ ఊడిపోయి ఉంది.

"మా చర్చిలో ఒక ఆంటీ ఉంది" అన్నాడు.

"చర్చి... ఆంటీ" అని జెన్సీ రాసుకుంది.

"ప్రతి ఆదివారం ఒక చేత్తో ఉలవచారు సీసా ఇస్తుంది, కొవ్వు కరుగుద్ది తాగయ్యా అని. ఇంకో చేత్తో మూడో ప్లేటు బిర్యానీ పెడుతుంది, చిక్కిపోయావయ్యా అని. ఏ చెయ్యి మాట వినాలో తెలీదు. రెండూ వినేస్తాను."

జెన్సీ చెవులు ఎర్రబడ్డాయి. ఆ రెండు చేతులూ ఆమెకి బాగా తెలిసినవే. అయినా డాక్టరు ముఖం జారిపోనివ్వలేదు. "అండ్ హౌ డస్ దట్ మేక్ యూ ఫీల్?"

"బిర్యానీ బాగుంటుంది" అన్నాడు ఆనందబాబు, ఉన్నమాట దాచకుండా.

జెన్సీ కలం పక్కన పెట్టింది. "వాళ్ళు ఏం చేస్తే మీకు బాగుంటుంది?"

ఆనందబాబు టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "నన్ను ఒక్కసారి అడిగితే బాగుండు. చెప్పేముందు" అన్నాడు. కెవిన్ గొంతు కాదు అది. జెన్సీ తల ఊపింది. గంట మోగింది.

పిల్లలంతా వెళ్ళిపోయాక ఆనందబాబు చొక్కా మార్చుకోవడానికి లేస్తుంటే, మూల నుంచి గొంతు వినిపించింది.

"అయ్యబాబోయ్ అని నాలుగుసార్లన్నవ్. ఏ ఊరు నాయనా మీది?"

ఆనందబాబు కుర్చీలో మళ్ళీ కూలబడ్డాడు. "మీరు తెలుగా మేడమ్!"

"హన్మకొండ. శేషుకుమారి నా పేరు. ముప్పై ఏండ్లాయె ఈడికొచ్చి." ఆవిడ ముఖంలో అప్పటిదాకా బిగబట్టుకున్న నవ్వంతా ఒక్కసారి బయటపడింది. ఒక నిమిషంపాటు కళ్ళు తుడుచుకుంటూనే ఉంది. "ట్రక్ డ్రైవింగ్‌ల బీటెక్! నా సర్వీసుల గిట్లాంటి పేషెంట్‌ను చూడలే." తర్వాత కాగితం తీసి, అడిగింది. "గిది చెప్పు. స్క్రిప్ట్‌ల కుడి మోకాలని ఉంది. పొద్దటి సంది నువ్వు ఎడమ మోకాలే పట్టుకున్నవ్. పన్నెండు మందీ నీ చెయ్యి చూసి ఎడమదే చూసిన్రు. ఎందుకట్ల?"

"నొప్పి ఎడమదేనండి."

"కెవిన్‌కా, నీకా?"

ఆనందబాబు మోకాలి మీద నుంచి చెయ్యి తీసేశాడు.

"నిద్ర మంచిగ పడతదా?"

"ఆయ్, పడుతుందండి. క్లాసులో."

"గురక?"

"అది శామ్‌ని అడగాలండి. ఇయర్ ఫోన్స్ పెట్టుకుని పడుకుంటాడు."

శేషుకుమారి గారు నవ్వలేదు ఈసారి. "చూడు బాబూ, ఈ గదిల నేను నీ డాక్టర్ను కాదు. కానీ పన్నెండుసార్లు విన్నవ్ కదా. నీ గురించి ఒక్కసారి పోయి విను. యూనివర్సిటీల క్లినిక్ ఉంది. రేపే ఫోన్ చెయ్యి."

రేపే చెయ్యలేదు. వారం రోజులు వాయిదా వేసి, శామ్ తనే అపాయింట్‌మెంట్ తీసుకుని, చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాక వెళ్ళాడు.

క్లినిక్‌లో ఉన్న డాక్టరు వయసులో చిన్నది, ఆ వారమే ఉద్యోగంలో చేరింది. ఆనందబాబు మోకాలు నొప్పని చెప్పగానే ఆమె అతన్ని ఎగాదిగా చూసి, నోరు తెరిచి, మళ్ళీ మూసేసింది. ఎలా ఎత్తాలా అని ఆమె తంటాలు పడుతోందని అతనికి ఇట్టే తెలిసిపోయింది.

"ముందు పర్మిషన్ అడగండి" అన్నాడు దయగా.

"ఏమన్నారు?"

"బరువు గురించి మాట్లాడొచ్చా అని అడగండి. నేను సరేనంటాను. ఆ తర్వాత మీరు ఏసీ గురించి చెప్పొచ్చు. నీళ్ళ ట్యాంకు చెప్పినా పరవాలేదు, కానీ ఏసీ బాగుంటుంది."

డాక్టరు నిర్ఘాంతపోయి చూసింది. "మీరు మెడికల్ స్టూడెంటా?"

"కాదండి. నేను కెవిన్‌ని" అని, నాలిక్కరుచుకుని, జరిగిందంతా చెప్పాడు. ఆమె పడీ పడీ నవ్వింది. ఆ తర్వాత కుర్చీ దగ్గరికి లాక్కుని, నిజంగానే అనుమతి అడిగింది.

పరీక్షలు చేస్తే షుగర్ గడప దగ్గర నిలబడి తలుపు కొడుతోందని తేలింది. నిద్రలో గంటకి ముప్ఫైసార్లు ఊపిరి ఆగుతోందని తేలింది. క్లాసులో కునుకు సోమరితనం కాదనీ, రాత్రంతా ఊపిరి కోసం కుస్తీ పట్టిన మనిషి పగలు అలాగే ఉంటాడనీ ఆమె చెప్పింది. ఆనందబాబు ఇంటికొచ్చి ఆ ముక్క శామ్‌కి మూడుసార్లు వినిపించాడు. మొహానికి తగిలించుకునే గాలి మిషన్ ఒకటి ఇచ్చారు. మోకాలికి వ్యాయామాలు నేర్పారు. డైటీషియన్ పెసరట్టు ఆపమనలేదు, లోపలి ఉప్మా గురించి మాత్రం ఆలోచించమంది. ఆనందబాబు నాలుగు రోజులు ఆలోచించాడు. నెలలు గడిచాక, తిండి, నడకలతో వచ్చిన తేడా చాలదని, వారానికోసారి వేసుకునే ఇంజెక్షన్ మొదలుపెట్టారు. మొదట్లో అది కడుపులో నానా యాగీ చేసింది. తర్వాత సర్దుకుంది.

ఇంతకంటే కష్టమైన వ్యవహారం ఆదివారాలది.

పరీక్ష గదిలో విన్నది బయట చెప్పకూడదు కాబట్టి జెన్సీ తల్లికి ఏమీ చెప్పలేదు. "మమ్మీ, ఆస్క్ బిఫోర్ యూ టెల్ పీపుల్ థింగ్స్" అని మాత్రం అంది. సువార్తమ్మ గారికి అది మింగుడు పడలేదు. రేపల్లె నుంచి వచ్చి, వృద్ధాశ్రమంలో వంట చేస్తూ, వారమంతా వందమందికి ఏం తినాలో చెప్పే మనిషి ఆవిడ. ఒక శనివారం క్యాసరోల్ చేత్తో పట్టుకుని నేరుగా ఆనందబాబు ఇంటికొచ్చేసింది.

"ఏందయ్యా, రెండు వారాల నుంచి నా ఉలవచారు ఒద్దంటున్నావు. బిర్యానీ ఒక్క ప్లేటుతో లేస్తున్నావు. ఒంట్లో బాగాలేదా?"

ఆనందబాబు ఆవిడకి కుర్చీ వేసి, ఫ్యాను పెంచి, ఉన్నదున్నట్టు చెప్పాడు. ఏసీ చెప్పాడు, కరువు చెప్పాడు, ఊపిరి ఆగడం చెప్పాడు, వారం వారం వేసుకునే సూది సంగతి చెప్పాడు. ఆవిడ అంతా విని, "అంటే నువ్వు తిండిపోతువి కాదంటావా?" అంది.

"తిండిపోతునే ఆంటీ. కానీ అదొక్కటే కాదు."

"మరి ఎన్నాళ్ళేసుకోవాల ఆ సూది?"

"తెలీదాంటీ. చాలా ఏళ్ళే అవ్వచ్చు."

"ఏళ్ళా! నెలరోజులేసుకోని ఆపేయొచ్చుగా, తగ్గింతర్వాత."

"మీ బీపీ మాత్ర ఎప్పటినుంచి వేసుకుంటున్నారాంటీ?"

"పదిహేనేళ్ళయింది."

"ఇప్పుడు బీపీ మామూలుగానే ఉందిగా, ఆపేయొచ్చుగా?"

"అదెట్టా ఆపుతారయ్యా? ఆపితే మళ్ళీ పైకెళ్ళదూ!" అంటూ ఆవిడ టక్కున ఆగిపోయింది. క్యాసరోల్ వైపు చూసింది. ఆనందబాబు వైపు చూసింది. "ఓరి నీ అసాధ్యం కూలా" అంది మెల్లగా. "నన్ను బీపీ తెచ్చుకున్నావని ఎవురూ తిట్టలేదు. నిన్నేమో అందరం..."

కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకుంది. క్యాసరోల్ మూత తీసి, "బాబూ, ఇందులో కోడికూరుంది. పెట్టమంటావా, ఒద్దా?" అని అడిగింది. ఆనందబాబు పెట్టమన్నాడు. ఆవిడ ఒకే ఒక్క గరిటె పెట్టి, రెండో గరిటె గాల్లోకి లేపి, చాలాసేపు పోరాడి, దించేసింది.

అంతటితో ఆగి ఉంటే ఆవిడ సువార్తమ్మ గారే కాదు. మర్నాడు చర్చిలో ప్రకటనల వేళ లేచి నిలబడి, "ఊబకాయం అనేది దీర్ఘవ్యాధి. అది ఎవురి తప్పూ కాదు. దాని గురించి ఎవుర్నైనా ఒక మాటనే ముందు పర్మిషన్ అడగాల. నేను ఎవురి పేరూ చెప్పట్లా" అని ఆనందబాబు వైపు వేలు చూపించింది. చర్చి మొత్తం వెనక్కి తిరిగింది. భూమి రెండుగా చీలితే లోపలికి దూకేద్దామనుకున్నాడు ఆనందబాబు. కానీ ఆరాధన అయ్యాక, చెప్పుల దగ్గర ఒకరి తర్వాత ఒకరు వచ్చి, పక్కకి పిలిచి, ఆ క్లినిక్ నంబరేంటని చిన్న గొంతుతో అడిగినవాళ్ళు ఆరుగురు తేలారు. ఆరోవాడు పాస్టరు గారే.

అక్టోబరు నాటికి ఆనందబాబు నూట పంతొమ్మిదికి వచ్చాడు. మోకాలు మెట్లెక్కితే మూలగడం తగ్గింది. క్లాసులో ఆఖరిదాకా మెలకువగా ఉండి, ప్రొఫెసరు ఇంత విసుగు పుట్టిస్తాడని ఇన్నాళ్ళూ తనకి తెలియనే లేదని శామ్‌తో వాపోయాడు. డిసెంబరులో సిడ్నీలోని స్కోఫీల్డ్స్ పేటలో ఉన్న బాబాయి గారింటికి మూడు వారాలు వెళ్ళాడు. పిన్ని పేరు ప్రిస్సిల్లా, ఆవిడ చేతి వంట గురించి సిడ్నీలో సగం తెలుగువాళ్ళకి తెలుసు. బయల్దేరే హడావుడిలో ఇంజెక్షన్లు డార్విన్‌లో ఫ్రిజ్‌లోనే మర్చిపోయాడు. తిరిగొచ్చేసరికి మూడు కిలోలు పెరిగాడు.

వచ్చాక మొదటి సోమవారమంతా క్లినిక్‌కి ఫోన్ చేసి మర్నాటి అపాయింట్‌మెంట్ రద్దు చేసుకుందామా అని ఫోన్ తీశాడు, పెట్టాడు. ఎప్పుడూ ఇలాంటప్పుడే అతను మాయమైపోయేవాడు. గుడ్ల వైద్యం అప్పుడూ అంతే, గోదావరి గట్టప్పుడూ అంతే. బీపీ పెరిగిందని సిగ్గుపడి డాక్టరు దగ్గరికి వెళ్ళడం మానేసినవాడు ఎవడైనా ఉన్నాడా అని తనని తాను ప్రశ్నించుకున్నాడు. ఉంటే వాడు తెలివితక్కువ వాడనిపించింది.

మంగళవారం జోరువానలో బస్సు పట్టుకుని వెళ్ళాడు. నర్సు బరువు చూసి, అంకె రాసుకుని, "ఎన్ని వారాలు మందు తప్పింది?" అని అడిగింది. చెప్పాడు. ఆమె తిట్టలేదు, నిట్టూర్చలేదు. ఇన్ని వారాలు తప్పితే మళ్ళీ చిన్న మోతాదు నుంచి మొదలుపెట్టాలని డాక్టరుతో మాట్లాడి వచ్చింది. ప్రయాణాల్లో మందు చల్లగా ఉంచుకోవడానికి చిన్న సంచి ఎక్కడ దొరుకుతుందో చెప్పింది. మార్చిలో మళ్ళీ రమ్మని తేదీ రాసిచ్చింది. ఆనందబాబు ఆ చీటీ జేబులో పెట్టుకుని, సిడ్నీలో పిన్ని చేసిన రొయ్యల వేపుడు గురించి అడక్కపోయినా ఆమెకి కాసేపు చెప్పి, తర్వాతి పేషెంటు దగ్గేదాకా చెప్పి, బస్సు స్టాపుకి బయల్దేరాడు.